గుండు నుంచి జడ దాకా: ఒక షాంపూ డైరీ

గుండు రోజులు

డైరీ మొదటి పేజీలో లక్ష్యం ఒక్క లైనులో రాసి పెట్టుకున్నాను. తిరుమలలో తలనీలాలు ఇచ్చాక ఇక కటింగు లేదు, చివర్లు సరి చేయించడం తప్ప. జుట్టు వీపు మధ్య దాకా రావాలి. ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. మొక్కు తీరింది, తల ఖాళీగా ఉంది, ఈసారి పెంచి చూద్దామనిపించింది.

గుండుతో మొదలుపెడితే ఒక లాభం ఉంది. వెంట్రుకలన్నీ ఒకే రోజు నుంచి లెక్కకు వస్తాయి. జుట్టు నెలకు సుమారు అర అంగుళం, ఏడాదికి ఆరంగుళాల దాకా పెరుగుతుంది. అంటే భుజాలు దాటిన జుట్టు కొసని పట్టుకుంటే అది రెండేళ్ళ పైబడిన సరుకు. ఎండలు, హెల్మెట్, బోరు నీళ్ళు, దువ్వెన అన్నీ చూసేసింది. కుదుళ్ళ దగ్గరి అంగుళం మాత్రం మొన్న మొన్న బయటికొచ్చింది. ఒకే తల మీద కొత్త జుట్టు, పాత జుట్టు రెండూ ఉంటాయన్నమాట. జిడ్డు, చెమట చేరేది పైన తలచర్మం దగ్గర, కాబట్టి షాంపూ పని అక్కడ. ఎండిపోయి చిక్కుపడేది కింద, కాబట్టి కండిషనర్ పని ఇక్కడ. పొడవు పెరిగేకొద్దీ పాత జుట్టు వాటా పెరుగుతుంది. అలాంటప్పుడు కొనే సీసాలు కూడా మారుతూ పోవాలి కదా. ఏ పొడవుకు ఏది సరిపోతుందో రాసుకోవడానికే ఈ డైరీ.

నేను మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షించే విభాగం) కెమిస్టుని. రోజంతా తూకాలు, టైట్రేషన్లు, చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్‌లో ఎక్కించడం. ఇంటికొచ్చి జుట్టుకు కూడా లాగ్‌బుక్ పెట్టానని తెలిసి అక్క పడీపడీ నవ్వింది. "మాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జుట్టేరా, ఎవరం ఏ పుస్తకం రాశాం?" అంది. రాసుంటే నాకు ఇంత పని తప్పేది.

మొదటి ఏడాది గురించి ఎక్కువ రాయడానికి లేదు. అంగుళం, రెండంగుళాల జుట్టుకు ఏ షాంపూ అయినా ఒకటే. కిరాణా కొట్లో వేలాడదీసిన సాషెల్లోంచి ఏది చేతికొస్తే అది చించుకుని వాడాను. కండిషనర్ ఊసే లేదు, అవసరమూ లేదు. ఒక సంగతి మాత్రం అప్పుడే కంటపడింది. సాషె వెనక దినుసుల పట్టిక చాలావాటికి ఉండదు. మన నిబంధనల ప్రకారం 60 మిల్లీలీటర్ల కన్నా చిన్న ద్రవ ప్యాకుల మీద ఆ పట్టిక వేయడం తప్పనిసరి కాదు. సాషెతో ట్రై చేసి తర్వాత సీసా కొనుక్కుందామనుకునేవాళ్ళు షాపులో సీసాను వెనక్కి తిప్పి చదవక తప్పదు.

చెవులు దాటింది

అసలు ఓపిక కావాల్సింది ఈ పొడవు దగ్గరే. ముడికి అందదు, వదిలేస్తే కళ్ళలో పడుతుంది. ల్యాబ్‌లో అందరికీ తల కప్పే టోపీ ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. సాయంత్రం టోపీ తీసి అద్దంలో చూస్తే నెత్తి మీద పిచ్చుక గూడు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే: "ఏరా, ఇంకా కటింగు చేయించుకోలేదా? సంబంధం వాళ్ళు ఫొటో అడుగుతున్నారు." పాత ఫొటో పంపమన్నాను.

సెలూన్లో చివర్లు సరిచేయించుకుందామని వెళ్తే అక్కడి కుర్రాడు "కెరటిన్ చేయించుకోండి సార్, సిల్కులా పడిపోద్ది" అని మొదలుపెట్టాడు. ఆ పేరుతో చేసేవాటిలో కొన్ని వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు వదులుతాయి. ల్యాబ్‌లో ఆ సీసా మూత తీయాలంటే ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద పెట్టుకుంటాను. డబ్బులిచ్చి మరీ ముఖం పక్కన పెట్టించుకోవడం నా వల్ల కాదన్నాను.

లేబుళ్ళు శ్రద్ధగా చదవడం ఈ దశలోనే మొదలైంది. పట్టికలో దినుసులు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా ఉంటాయి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఏ వరసలోనైనా వేసుకోవచ్చు. మొదటిది నీళ్ళు. ఆ తర్వాత వచ్చే రెండు మూడు పేర్లే షాంపూ అసలు స్వభావం చెబుతాయి. మన బజార్లో ఎక్కువగా కనిపించేది నురగ తెప్పించి జిడ్డును గట్టిగా తీసే సోడియం లారెత్ సల్ఫేట్. దాని పక్కనే కోకమిడోప్రొపైల్ బీటైన్ ఉంటే ఆ ఘాటు కొంత తగ్గుతుంది, నురగ మెత్తబడుతుంది.

1 శాతం గీత ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు పనికొచ్చిన గుర్తు ఫినాక్సీఇథనాల్. అది నిలవ కోసం వేసే మందు, మామూలుగా 1 శాతం మించి వెయ్యరు. దాని తర్వాత కనిపించేవన్నీ అంతకన్నా తక్కువే అనుకోవచ్చు. ఈ గుర్తు పట్టుకుని సూపర్ మార్కెట్ అరలో ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూశాను. ఉల్లి షాంపూలో ఉల్లి, కలబంద షాంపూలో కలబంద, బాదం షాంపూలో బాదం నూనె, నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఆ గీత అవతలే ఉన్నాయి. ముందు బొమ్మలో ఉన్న ఉల్లిపాయ సైజుకీ, వెనక పట్టికలో దాని స్థానానికీ పొంతనే లేదు. అక్కడ కాసేపు నిలబడి ఒక్కడినే నవ్వుకున్నాను. సెక్యూరిటీ గార్డు రెండుసార్లు ఇటువైపు చూసి పోయాడు.

"సల్ఫేట్ ఫ్రీ" గురించి. ఆ మాట ఉన్న సీసా ధర రెట్టింపు దాకా ఉంటుంది. కొన్నిటిలో డెసిల్ గ్లూకోసైడ్, సోడియం కోకాయిల్ ఐసెథయొనేట్ లాంటి నిజంగా సున్నితమైనవి ఉంటాయి. మరికొన్నిటిలో సోడియం సి14-16 ఓలెఫిన్ సల్ఫొనేట్ మొదట ఉంటుంది. పేరులో సల్ఫేట్ లేదు, నిజమే. కానీ జిడ్డు పీకేయడంలో సల్ఫేట్‌కు అదేం తీసిపోదు. కాబట్టి ముందు అట్ట మీది మాట చూసి డబ్బు పెట్టడం దండగ. నా మటుకు నేను వారానికోసారి కొబ్బరినూనె పెట్టుకునేవాణ్ణి. నూనె వదలాలంటే కొంచెం గట్టి షాంపూయే కావాలి. సల్ఫేట్ ఉన్నదాన్నే ఉంచుకుని, దాన్ని తలచర్మం దాకే పరిమితం చేశాను. కడిగేటప్పుడు నురగ కిందికి జారుతుంది కదా, పొడవుకు ఆ మాత్రం చాలు.

పీహెచ్ కూడా చూశాను. ఆమ్లమో క్షారమో చెప్పే అంకె అది, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పీహెచ్ కాగితాల పుస్తకం ఒకటి కొని ఇంట్లో పెట్టుకున్నాను. తలచర్మం పీహెచ్ 5.5 దగ్గర, జుట్టుది ఇంకా కింద, 3.7 దగ్గర. షాంపూ పీహెచ్ 5.5 దాటేకొద్దీ వెంట్రుకల పై పొలుసులు లేచి ఒకదానికొకటి రాసుకోవడం పెరుగుతుంది. బ్రెజిల్ పరిశోధకులు 2014లో 123 షాంపూలను కొలిస్తే 3.5 నుంచి 9 దాకా వచ్చాయి. ఇంత తేడా ఉన్నా దాదాపు ఏ సీసా మీదా ఆ అంకె వెయ్యరు. నా దగ్గరున్నవి 5కీ 6కీ మధ్యలో పడ్డాయి, ఫరవాలేదు. ఒంటి సబ్బు మాత్రం కాగితాన్ని ముదురు రంగుకు తిప్పేసింది. తొమ్మిది దాటుతుంది అది. పొడవు జుట్టుకు ఒంటి సబ్బు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, మా మావయ్య ఒకరు. ఆయనకు ఉన్న జుట్టుకు ఏదైనా సరిపోతుందనుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు

అదే సీసా బ్యాగులో వేసుకుని కోనసీమ వెళ్ళాను. అదే షాంపూ, అదే తల, కానీ నురగ రెండింతలు. ఆరాక జుట్టు మెత్తగా పడి ఉంది. హైదరాబాద్ తిరిగొచ్చి మొదటిసారి తలస్నానం చేయగానే మళ్ళీ గరుకు. మా ఊళ్ళో కుళాయి నీళ్ళు గోదావరి కాలువవి. ఇక్కడ మా బిల్డింగుకు బోరు, అది ఎండితే ట్యాంకరు, ఆ ట్యాంకరూ ఏదో బోరుదే.

నీళ్ళ కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో కొలిచే చుక్కల కిట్ తెప్పించాను. చేసే పని ల్యాబ్‌లో చేసేదే: నీళ్ళలో రంగు వేసి, కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం చుక్క చుక్కగా కలుపుతూ పోతే ఒక చుక్క దగ్గర ద్రాక్షరంగు నీలానికి తిరుగుతుంది. అప్పటిదాకా పడిన చుక్కలే లెక్క. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మా బోరు నీళ్ళు 500 దాటాయి. తాగడానికి విడిచే నల్లా నీళ్ళు మాత్రం 200 లోపే ఉన్నాయి. టీడీఎస్ మీటరు పెట్టి చూసి "ఇన్ని వందలు ఉంది, అందుకే జుట్టు పోతోంది" అనేవాళ్ళు ఎక్కువ. కానీ ఆ మీటరు కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది. జుట్టును సతాయించేది అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా.

ఇక్కడో చిన్న సరదా. ల్యాబ్‌లో బ్యూరెట్లో పోసే ఈడీటీఏయే షాంపూ పట్టికలో చివరాఖర్న టెట్రాసోడియం ఈడీటీఏ అని కనిపిస్తుంది. నీళ్ళలోని కాల్షియాన్ని పట్టి పక్కన పెట్టడమే అక్కడా దాని పని. వేసేది చాలా తక్కువ కాబట్టి మా బోరుకు అది ఏ మూలకూ రాదు. అయినా సరే, రెండు షాంపూల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఈడీటీఏ ఉన్నదానికే ఓటు వేస్తాను.

షవర్‌కు తగిలించే ఫిల్టర్లు చూశాను. కార్బన్, రాగి-జింకు పొడి ఉన్నవి క్లోరిన్ తగ్గించగలవు. కాల్షియాన్ని తీయలేవు. అది పోవాలంటే అయాన్ మార్పిడి చేసే సాఫ్టెనర్ కావాలి, దానికి ఉప్పు పోస్తూ ఉండాలి, అద్దెకుండే వాళ్ళకు అయ్యే పని కాదు. కాబట్టి సులువైన దారి పట్టాను. నల్లా మాకు రోజు విడిచి రోజు వస్తుంది. కింది ఇంటి ఓనర్ ఆంటీకి ఆ టైము నోటికొచ్చు. "రేపు పొద్దుగాల ఇడుస్తరు బాబూ, రెండు బకీట్లు పట్టి పెట్టుకో" అని ఆవిడే చెబుతుంది. తలస్నానం ఆ రోజుకు మార్చేశాను. ఒళ్ళు బోరు నీళ్ళతో, తల బకెట్లోని నల్లా నీళ్ళతో. షాంపూ మార్చినా రాని తేడా ఇక్కడ వచ్చింది. హైదరాబాద్ వచ్చాక జుట్టు పాడైందని, షాంపూ మీద షాంపూ మార్చే మా ఆఫీసు వాళ్ళకు ముందు ఇదే చెబుతున్నాను.

నల్లా రాని వారం వస్తే మగ్గు నీళ్ళలో చెంచాడు తెల్ల వెనిగర్ కలిపి చివర్న పోసుకుంటాను. వాసన ఆరేసరికి పోతుంది. నిమ్మకాయ నేరుగా పిండుకోవడం మాత్రం వద్దు. అది బాగా పులుపు, చర్మం మంట పుడుతుంది.

కుంకుడుకాయల ఆదివారం

అమ్మ ఊరి నుంచి కుంకుడుకాయలు పంపింది. గింజలు తీసి, నలగ్గొట్టి, వేడి నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున్నే పిసికి పాత గుడ్డలో వడకట్టాను. పీహెచ్ కాగితం ఆమ్లం వైపే చూపించింది, సబ్బులా కాదు. నూనె మాత్రం ఒక్కసారికే పూర్తిగా వదిలింది. కళ్ళలో పడింది కూడా. చిన్నప్పుడు నాయనమ్మ ఉప్పు కల్లు నోట్లో వేసేది, మంట తగ్గుతుందని. ఇప్పుడు వేసుకుని చూశాను, ఉప్పగా ఉంది, మంట మంటలాగే ఉంది.

తలచర్మానికి హాయిగానే ఉంది. కానీ మెడ కిందికి దిగిన జుట్టు ఆరాక చిక్కు పడిపోయింది, దువ్వెన దిగలేదు. కుంకుడులో ఉన్న సపోనిన్లు మురికి తీస్తాయి, జారుడు ఇవ్వవు. పాతకాలం వాళ్ళకు ఈ సంగతి తెలీకనా? తలంటుకు ముందు ఒళ్ళూ తలా నూనె ఓడేలా పట్టించేవారు. కుంకుడు పులుసులో మందారాకు రుబ్బి కలిపేవారు. ఆ ఆకు జిగురే వాళ్ళ కండిషనర్. నూనె, ఆకు రెండూ మానేసి ఒక్క కుంకుడునే పట్టుకుని "నేచురల్" అనుకుంటే సగం పద్ధతే పాటించినట్టు. తర్వాత మందారాకుతోనూ చేశాను, బాగుంది. కానీ బాత్రూమ్ గచ్చు కడుక్కోవడానికి తలస్నానం కన్నా ఎక్కువ సేపు పట్టింది. పండగలకు చాలు.

భుజాల మీదికి వచ్చింది

అసలు ప్రయోగం ఇక్కడ. షాంపూ విషయంలో తేల్చుకున్నాను, కండిషనర్ విషయంలో ఏ ఇద్దరి మాటా కలవడం లేదు. జుట్టు మీద జారుడు పొర వేసే సిలికాన్ వద్దని ఒకరు, అది లేకపోతే పని చెయ్యదని ఒకరు.

కండిషనర్ ఎలా పనిచేస్తుందో ముందు రాసుకున్నాను. నీళ్ళలో జుట్టు పైభాగానికి రుణావేశం ఉంటుంది. దెబ్బతిన్న చోట ఇంకా ఎక్కువ. కండిషనర్లో ఉండే సెట్రిమోనియం క్లోరైడ్, బెహెంట్రిమోనియం క్లోరైడ్ లాంటివాటికి ధనావేశం. పాడైన చోటికే అవి ఎక్కువగా వెళ్ళి అతుక్కుంటాయి. షాంపూలో మురికి తీసేవాటికి రుణావేశం కాబట్టి రెండూ కలిపి రాస్తే ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ పని మానేస్తాయి. అందుకే షాంపూ పూర్తిగా కడిగాకే కండిషనర్. టూ-ఇన్-వన్ షాంపూలు వేరే దారి పడతాయి. నురగ నీళ్ళతో పలచబడేటప్పుడు సిలికాన్ జుట్టు మీద దిగేలా చేస్తాయి. అందుకు వాడే గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అనే చాంతాడంత పేరున్న సరుకు మన గోరుచిక్కుడు గింజల జిగురు నుంచే తయారవుతుంది. కూర వండుకునేదే. పొట్టి జుట్టుకు టూ-ఇన్-వన్ బేషుగ్గా సరిపోతుంది, భుజాలు దాటాక చాలదు.

ఇంకో అనుమానం కూడా తీరింది. పట్టికలో సెటైల్ ఆల్కహాల్, సెటెరిల్ ఆల్కహాల్ అని చూసి "ఆల్కహాల్ ఉంది, జుట్టు ఎండిపోద్ది" అని పక్కన పెట్టేసేవాళ్ళున్నారు. అవి మైనంలాంటి కొవ్వు ఆల్కహాళ్ళు. కండిషనర్‌కు ఆ చిక్కదనం, మెత్తదనం వాటి వల్లే. మొదటి మూడు నాలుగు పేర్లలో అవి లేకపోతేనే నేను అనుమానిస్తాను.

పరీక్ష ఇలా పెట్టాను. మధ్య పాపిడి తీసి తలను రెండు భాగాలు చేశాను. షాంపూ ఒకటే, నీళ్ళు నల్లావే. ఎడమవైపు సిలికాన్ లేని తేలిక కండిషనర్, అందులో సెట్రిమోనియం క్లోరైడ్. కుడివైపు బెహెంట్రిమోనియం క్లోరైడ్, అమోడైమెథికోన్ ఉన్న చిక్కటిది. రెండిటికీ నీళ్ళు బాగా పిండేసి, చెవుల దగ్గర నుంచి కిందికి మాత్రమే రాసి, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వి, రెండు మూడు నిమిషాలాగి కడిగాను. తడి జుట్టు సాగుతుంది, సులువుగా తెగుతుంది. అందుకే కండిషనర్ మీద ఉండగానే చిక్కు తీసేస్తే సగం నష్టం తప్పుతుంది.

తడిగా ఉన్నప్పుడు తేడా పెద్దగా తెలీలేదు. ఆరాక తెలిసింది. బండి మీద ఆఫీసుకెళ్ళి హెల్మెట్ తీసేసరికి ఎడమవైపు కొసలు రేగి నిలబడ్డాయి, కుడివైపువి పడి ఉన్నాయి. సాయంత్రానికి ఎడమవైపు మెడ వెనక చిక్కు. నేను పడుకునేది ఎడమపక్కకు తిరిగి కాబట్టి ఆ ప్రభావమేమో అని కండిషనర్లను అటూ ఇటూ మార్చి కొన్ని వారాలు మళ్ళీ చేశాను. ఫలితం కండిషనర్‌తోపాటే పక్క మారింది. బెహెంట్రిమోనియంలో కార్బన్ గొలుసు పొడవు 22, సెట్రిమోనియంలో 16. పొడవు గొలుసు ఎక్కువ జారుడునిస్తుంది. దానికి తోడు అమోడైమెథికోన్ కూడా ధనావేశం ఉన్న సిలికాన్, పాడైన చోట గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండిట్లో ఎవరి వాటా ఎంతో నా పరీక్ష విడదీయలేదు. కొనడానికి ఆ వివరం అక్కర్లేదు కూడా.

అలాగని తేలిక కండిషనర్ చెడ్డదని కాదు. పాపిడి దగ్గర జుట్టు దానితో పలచగా, ఊగుతూ బాగుంది. మెడ దాకా ఉన్నప్పుడైతే అదే సరిపోయేది. సన్నటి జుట్టున్న అక్కకు ఇప్పటికీ అదే సరిపోతుంది. నాది దళసరి, కొంచెం ఉంగరాలు తిరిగింది, హెల్మెట్ కింద రోజుకు రెండు గంటలు నలుగుతుంది. నాకు చిక్కటిదే.

సిలికాన్ జుట్టుకు ఊపిరాడకుండా చేస్తుందనే మాట వినీ వినీ విసుగొచ్చింది. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, ఊపిరి ఎక్కడిది? పొరలు పేరుకోవడం మాత్రం నిజం. డైమెథికోన్ అనే సిలికాన్ నీళ్ళలో కరగదు. మరీ సున్నితమైన షాంపూనే ఎప్పుడూ వాడితే కొన్ని వారాలకు జుట్టు బరువుగా, జిడ్డుగా వేలాడుతుంది. సల్ఫేట్ షాంపూ ఒక్కసారి వాడితే పోతుంది. చిక్కటి కండిషనర్ కొన్నాక సల్ఫేట్ సీసాను పారేయకుండా ఉంచుకున్నది అందుకే.

ఖర్చు లెక్క ఒకటి బయటపడింది. షాంపూ సీసా ఎప్పట్లాగే వస్తోంది, ఎందుకంటే తల సైజు పెరగలేదు. కండిషనర్ మాత్రం చూస్తుండగానే అయిపోతోంది. షాపుల్లో జోడీగా కట్టి అమ్మే ప్యాకులో షాంపూ పెద్దది, కండిషనర్ చిన్నది ఉంటుంది. పొడవు జుట్టుకు సరిగ్గా తిరగబడిన లెక్క. విడివిడిగా కొంటున్నాను. రెండూ ఒకే కంపెనీవి కావాలన్న పట్టింపు కూడా వదిలేశాను.

కొబ్బరినూనె

నూనె స్నానం తర్వాత కాదు, ముందు. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరినూనె మూడిటినీ పోల్చిన 2003 నాటి పరిశోధనలో కొబ్బరినూనె ఒక్కటే జుట్టు నుంచి ప్రొటీన్ పోవడాన్ని తగ్గించింది. అందులోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నగా ఉన్న అణువు, వెంట్రుక లోపలికి చొరబడుతుంది. ఆ పరిశోధన చేసింది మారికో శాస్త్రవేత్తలు, అంటే పారాచూట్ నూనె కంపెనీవాళ్ళే. ఆ సంగతి తెలిసే చదివాను. నా తల మీద కూడా ముందురోజు రాత్రి కొసలకు రాసిన వారానికీ, రాయని వారానికీ తేడా కనిపిస్తోంది కాబట్టి కొనసాగిస్తున్నాను. కోనసీమవాణ్ణి, ఇంకో ఫలితం వచ్చినా ఇంట్లో చెప్పుకునే ధైర్యం ఉండేది కాదు.

వానాకాలం

చుండ్రు మొదలైంది. హెల్మెట్, చెమట, ఆరని తడి. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్‌కు నూనె జిడ్డే తిండి. కాబట్టి ఈ కాలమంతా నూనె మాడుకు బంద్, కొసలకు మాత్రమే. చర్మం డాక్టరు కీటోకొనజోల్ 2 శాతం షాంపూ రాశారు. రాసి వెంటనే కడిగేస్తే పని చెయ్యదు, నాలుగైదు నిమిషాలు మాడు మీద ఉండాలన్నారు. దాని వల్ల పొడవు గడ్డిలా ఎండిపోతుందని తెలుసు. అందుకని వరస మార్చాను: ముందు తడి కొసలకు కండిషనర్ రాసి ముడి వేసి, తర్వాత మాడుకు మందు షాంపూ, ఆఖర్న అన్నీ కలిపి కడిగి, కొసలకు మళ్ళీ కాస్త కండిషనర్. చుండ్రు తగ్గింది, కొసలు బాగానే ఉన్నాయి. ఈ వరస చుండ్రు లేనప్పుడు కూడా బాగుందని అక్క తీసేసుకుంది.

దువ్వెనలో వచ్చే జుట్టు చూసి రూమ్మేట్‌కు నాకన్నా టెన్షన్ ఎక్కువ. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. ముడి వేసుకుని ఉంటే రాలినవి అందులోనే ఇరుక్కుని, తలస్నానం రోజున అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. పొడవుగా ఉంటాయి కాబట్టి ఉండ కూడా పెద్దదిగా కనిపిస్తుంది. బాత్రూమ్ జాలీ శుభ్రం చేసే వంతు మాత్రం శాశ్వతంగా నాకే వచ్చింది.

ఇప్పటి పరిస్థితి

జడకు అందుతోంది. అక్క వీడియో కాల్‌లో నేర్పింది. "మూడు పాయలు సమంగా తియ్యరా, అట్లా గట్టిగా లాగితే ముందు నుదురు పైకి పోద్ది" అని గదమాయిస్తూనే ఉంది. రాత్రి వదులుగా జడ వేసుకుని పడుకుంటే పొద్దున చిక్కు బాగా తగ్గింది. తువ్వాలుతో రుద్దడం మానేసి పాత నూలు పంచెతో అద్దుకుంటున్నాను.

ప్రస్తుతం వాడుతున్నవి: వారానికి రెండు తలస్నానాలు, రెండూ నల్లా రోజునే. ఒకదానికి సల్ఫేట్ షాంపూ, నూనె పెట్టిన రోజు అదే. రెండోదానికి డెసిల్ గ్లూకోసైడ్ ఉన్న సున్నితమైనది. రెండిటికీ ఆ చిక్కటి కండిషనరే. ఎండాకాలం, బండి మీద దూరం వెళ్ళే రోజుల్లో కొసలకు రెండు చుక్కల సీరం. అందులో ఉండేది సైక్లోపెంటాసిలోక్సేన్, డైమెథికొనాల్. మొదటిది ఆవిరైపోతుంది, రెండోది పలచటి పొరగా మిగులుతుంది. అంతకన్నా ఎక్కువ వేస్తే జిడ్డే. ఏ సీసా అయినా చిట్లిన కొసను అతికించలేదు కాబట్టి చివర్లు అర అంగుళం కోయించాను. సెలూన్ కుర్రాడు ఈసారి కెరటిన్ మాట ఎత్తలేదు, ఏ కండిషనర్ వాడుతున్నారని అడిగాడు.

తర్వాతి పరీక్ష షాంపూ బార్. ప్రయాణాలకు సీసాలు మోయడం విసుగ్గా ఉంది. ఆన్‌లైన్లో "షాంపూ బార్" అని అమ్మేవాటిలో సోడియం పామేట్, సోడియం కోకోయేట్ మొదట ఉన్నవి అచ్చంగా సబ్బులే. మా బోరు నీళ్ళలో తెల్లటి తెట్టు కట్టి జుట్టుకు పట్టుకుంటాయి. వాటిని పక్కన పెట్టి, సోడియం కోకాయిల్ ఐసెథయొనేట్ మొదట ఉన్నదొకటి ఆర్డరు పెట్టాను. వచ్చాక ముందు పీహెచ్ కాగితం, తర్వాత ఎడమ సగం తలకు.